వీర్రాజు తేనె పుట్టుపూర్వోత్తరాలు

రామచంద్రపురం దాటాక మా అత్తారి ఊరి దగ్గర బస్సు దిగితే, నేను ఇప్పటికీ ముందు మొహానికి తువ్వాలు చుట్టుకుంటాను. ఎండకి కాదు. అక్కడి తేనెటీగలకి నా మొహం గుర్తు. ఈగ బతికేదే నెలా రెండు నెలలు, పన్నెండేళ్ళ కిందటి సంగతి దానికేం గుర్తుంటుందయ్యా అంటారేమో. మనుషులు గట్టు తగాదాల్ని మనవల దాకా అప్పజెప్పుకోవడం లేదూ? ఈగలు మనకన్నా క్రమశిక్షణ గల జాతి. ముత్తవ్వ ఈగ ముని మనవరాలికి నన్ను చూపించి, "అదుగో, మన ఇంటిమీద అభాండం వేసిన అల్లుడు గారు" అని చెప్పే ఉంటుంది.

ఆ అభాండం కథే ఇది. చదివాక నన్ను తిట్టుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. కాకపోతే మీకన్నా ముందు ఓ ఊరు ఊరంతా తిట్టేసింది కాబట్టి, కొత్త తిట్లు దొరకడం కొంచెం కష్టం.

అప్పుడు నాకు ముప్పై మూడేళ్ళు. రాజమండ్రిలో ఓ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. జీతం డ్రాపర్లోంచి పడే చుక్కంత, గర్వం గోదారికి వరదొచ్చినంత. ప్రపంచంలో ప్రతిదీ కల్తీ అనీ, దాన్ని పట్టుకోడానికే దేవుడు నన్ను పుట్టించాడనీ గట్టి నమ్మకం. మా పాలావిడ నేను గుమ్మంలో లాక్టోమీటర్‌తో నిలబడటం చూసి చూసి, చివరికి మా వీధికే రావడం మానేసింది. ఓ పెళ్ళిలో బూందీ లడ్డూ మీద జేబులోంచి ఆసిడ్ చుక్క వేసి, రంగు మారుతుందేమోనని విస్తరి ముందు వంగి కూర్చున్నాను. ఆ తరవాత మా బంధువులు శుభలేఖలు పంపేవారు గానీ, భోజనాల టైము మాత్రం ఓ గంట ఆలస్యంగా చెప్పేవారు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోవడం కాదు, అది చదువుకు చోటిచ్చి తనే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

మా ఆవిడ సుభద్ర పెదనాన్న సత్తిబాబు గారు. మామగారు లేని లోటు నాకు తెలియకుండా చూసుకున్న మనిషి. ఆయనకి నాలుగెకరాల కొబ్బరితోట. ఆ తోటలో వీర్రాజు అనే ఆయన నలభై తేనెటీగల పెట్టెలు పెట్టుకునేవాడు. వీర్రాజుకి సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఆ పెట్టెలూ, వాటిలో ఈగలూ, తన తేనె మంచిదన్న పేరూను. తోటలో చోటిచ్చినందుకు సత్తిబాబు గారికి ఏడాదికిన్ని సీసాల తేనె ఇచ్చేవాడు. ఆయన దాన్ని "మా తోట కొబ్బరిపూత తేనె" అని ఊళ్ళో బాలింతలకీ, పక్కూరి పురోహితుడికీ, ఆర్డీవో ఆఫీసు గుమాస్తాకీ కూడా గొప్పగా పంచేవారు.

ఓ ఆదివారం మేం అక్కడికి వెళ్ళినప్పుడు, దిబ్బరొట్టె మీద ఆ తేనె ధారగా పోస్తూ సత్తిబాబు గారు అన్నారు: "కొబ్బరిపూత తేనె, అల్లుడు గారూ. ఇందులో ఇంకో పువ్వు కలవలేదు."

మామూలు అల్లుడైతే రొట్టె తిని, మూతి తుడుచుకుని, అలక పాన్పు కోసం వెతుక్కునేవాడు. నేను వేలు అడ్డం పెట్టాను.

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పడమేంటి? వీర్రాజు చెప్పాడు."

వీర్రాజు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళ సన్నటి మనిషి. ఆ వారమంతా పొడిదగ్గు పట్టుకుని, మాటకి ముందో దగ్గు, మాటకి వెనకో దగ్గు.

"కొబ్బరిపూతేనండి మాస్టారూ," అన్నాడు దగ్గి. "మావిడిపూత మీదికి పంపినప్పుడు తేనె రంగు వేరుగా ఉంటదండి. నువ్వుచేల తేనె వేరు. ఇది కొబ్బరిదేనండి."

"ఈగ నీకు సంతకం పెట్టి ఇచ్చిందా?"

"ఈగలు అబద్ధం ఆడవండి."

"ఈగలు ఆడవయ్యా. సీసాలు ఆడతాయి."

నేనన్న ఈ మాటకి నేనే ముచ్చటపడి నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దాన్ని గౌరవం అనుకున్నాను. దాంతో ఉపన్యాసం ఎత్తుకున్నాను. ప్రతి పువ్వుకీ తన పుప్పొడి ఉంటుంది, తన వాసన ద్రవ్యాలుంటాయి, అవన్నీ తేనెలోకి దిగుతాయి, పెద్ద మిషన్లో చుక్క వేస్తే ఆ తేనె పుట్టింటి పేరూ గోత్రం అన్నీ బయటపడతాయి, విశాఖపట్నంలో మా క్లాస్‌మేట్ ప్రసాద్ అలాంటి లాబ్‌లోనే ఉన్నాడు.

వీర్రాజు అంతా శ్రద్ధగా విన్నాడు. "మంచిదేనండి. అంతదూరం ఎందుకండీ గానీ, ముందు ఓ చుక్క నాలుక మీద వేసుకోండి, తెలిసిపోద్ది," అన్నాడు.

"నాలుక పరికరం కాదు వీర్రాజూ. దానికి స్కేలు లేదు, రీడింగు లేదు."

తేనె తీసినవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా అని సామెత. ఆ సామెతని అబద్ధం చేసిన మొదటి మొనగాణ్ణి నేనే.

వీర్రాజు పరీక్షకి ఓ సీసా ఇచ్చాడు. యానాం వెళ్ళొచ్చిన వాళ్ళు పారేసిన బ్రాందీ సీసాల్ని కడిగి, మరగబెట్టి, వాటిలోనే తేనె పోస్తాడాయన. ముదురు గోధుమరంగు సీసా, ఎన్నిసార్లు కడిగినా లేబులు సగం ఊడనిది. ఇంకో సీసాతో కలిసిపోకుండా దాని మెడకి నేనే స్వయంగా ఎర్రదారం కట్టాను. "ఈ దారం ఉండగా ప్రపంచంలో ఎవడూ ఈ సాంపిల్‌ని తారుమారు చెయ్యలేడు" అన్నాను. ఈ వాక్యం కింద ఓ గీత గీసుకోండి.

"సీసా మాత్రం తిరిగిచ్చెయ్యండేం మాస్టారూ. సీసాలకి ఇబ్బందిగా ఉందండి," అన్నాడు వీర్రాజు, దగ్గుతూ.

బస్సులో సుభద్ర అంది: "పాపం, ఆ దగ్గు వింటుంటే నాకే గుండెల్లో నొప్పొస్తోందండీ. ఏదైనా చేసి పంపాలి."

నేను వినలేదు. ఒళ్ళో బ్రాందీ సీసా పెట్టుకుని కూర్చున్న నన్ను పక్క సీటాయన అదోలా చూస్తుంటే, "తేనండీ, తేనె" అని ఆయనకి చెప్పుకోవడంలో ఉన్నాను. "అందరూ అదే అంటారండీ" అన్నాడాయన.

సీసా వారం రోజులు మా వంటింటి కిటికీలో ఉంది. శనివారం పొద్దున్నే, సుభద్ర స్నానానికి వెళ్ళినప్పుడు, ఎర్రదారం చూసుకుని, మూతకి లక్క వేసి, మూడు పేపర్లు చుట్టి, బస్సు పార్శిల్లో విశాఖపట్నం పంపేశాను. ఇంటికొచ్చేసరికి ఆవిడ కిటికీ ముందు నిలబడి ఉంది.

"ఎర్రదారం సీసా ఏదండీ?"

"వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది."

"వీర్రాజు పని మీదేనా?"

"ఆ పని మీదే."

"హమ్మయ్య. నేనే గుర్తు చేద్దామనుకుంటున్నా. అది కాదండీ, అందులో నేను..."

"సుభద్రా!" చెయ్యెత్తాను, ట్రాఫిక్ పోలీసులాగా. "ఆ సీసా గురించి నాతో ఒక్క మాట కూడా మాట్లాడకు. వీర్రాజు మీ ఊరివాడు. నీ మాట వింటే నాకు పక్షపాతం వస్తుంది. శాస్త్రానికి పక్షపాతం పనికిరాదు."

"నాకేం పక్షపాతమండీ, పూటకి రెండు చెంచాలని చెబుదామని..."

"ఒక్క మాట కూడా!"

ఆవిడ నా వంక కాసేపు చూసి, బియ్యం కడుక్కోడానికి వెళ్ళిపోయింది. పదేళ్ళ కాపురంలో ఆ చూపుకి అర్థం "సరే, నీ ఖర్మ" అని నాకు తెలిసి ఉండాల్సింది.

రెండు వారాల తరవాత ప్రసాద్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఇది తేనె కాదురా."

కుర్చీలోంచి లేచిపోయాను. నోబెల్ బహుమతి వచ్చిందని చెప్పినా అంత సంతోషం కలిగేది కాదు. "చెప్పు చెప్పు!"

"కొబ్బరి పుప్పొడి లేదు. అసలు ఏ పుప్పొడీ లేదు. ఈగ ముట్టుకున్న జాడే లేదు. వట్టి తాటిబెల్లం పాకంలా ఉంది. ఇంకో వింత. శొంఠి ఉంది, మిరియం ఉంది, వాము ఉంది, ఏలకులున్నాయి. ఒరేయ్, నువ్వోసారి నాలుక మీద వేసి చూశావా?"

"నాలుక పరికరం కాదురా."

"కాకపోతే మానె. నాకెందుకో ఇది దగ్గుమందులా..."

"నీ పని మిషన్ నడపడం. అర్థం చెప్పడం నా పని," అని ఫోన్ పెట్టేశాను.

అర్థం ఎంత బాగా చెప్పుకున్నానో చూడండి. అసలైన తేనె గొంతులో కొంచెం పట్టుకున్నట్టు ఘాటుగా ఉంటుందని జనం నమ్మకం. అందుకని ఆ మోసగాడు తాటిబెల్లం పాకంలో మిరియం కలిపి ఆ ఘాటు తెప్పించాడు. శొంఠి దానికి తోడు. వాము జనానికి అరగడానికి. ఏలకులు వాసనకి. అబ్బా, ఎంతటి నేరస్తుడు! ఎంతటి వాణ్ణి పట్టుకున్నాను!

శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి, రిపోర్టు కాగితాలకి ప్లాస్టిక్ కవరు వేయించి, ఒక్కణ్ణే బయల్దేరాను. సత్తిబాబు గారి అరుగు మీద నలుగురైదుగురు రైతులున్నారు. నాకదే కావాలి. వీర్రాజుని పిలిపించి, నిలబెట్టి, చదివాను. కోర్టులో జడ్జి కూడా అంత గొంతు పెట్టడు.

వీర్రాజు ముందు నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. తరవాత అరుగు మీద ఎవరూ నవ్వడం లేదని చూసుకున్నాడు.

"మిరియాలు నేనెందుకు కలుపుతానండి మాస్టారూ? మా ఇంట్లో చారులోకే ఉండవండి."

"అది నువ్వే చెప్పాలి."

"నా చేత్తో పిండి ఇచ్చానండి ఆ సీసా." దగ్గు తెర అడ్డం వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, "ఇప్పుడే వేరే సీసా తెస్తానండి. మీరొక్క చుక్క... ఒక్క చుక్క నాలుక మీద..."

"రిపోర్టు ముందు నాలుక నిలబడదయ్యా."

సత్తిబాబు గారికి వీర్రాజుతో పదిహేనేళ్ళ స్నేహం. కానీ ఎదురుగా ఉన్నది ఇంటి అల్లుడు, అందులోనూ కెమిస్ట్రీ, అందులోనూ ప్లాస్టిక్ కవరు. మా వైపు అల్లుడి మాట తీసెయ్యడం కన్నా గోదారికి అడ్డంగా ఈదడం సులువు. పైగా తన చేత్తో బాలింతలకి పంచిన తేనె! ఆయన పైకండువా తీసి దులుపుకుని, తల ఎత్తకుండా అన్నారు: "ఆదివారానికి పెట్టెలు తీసేసుకో వీర్రాజూ."

నేను ఎదురుచూసిన గొడవేమీ జరగలేదు. వీర్రాజు తలూపాడు. "రెండు రోజులు పడుతుందండి. పగలు ఎత్తకూడదండి. మేతకి పోయిన ఈగలు తిరిగొచ్చి ఇల్లు కనపడక అక్కడక్కడే తిరుగుతాయండి. పొద్దుగూకి అన్నీ లోపలికొచ్చాక ఎత్తుతానండి," అన్నాడు. మోసగాడని ముద్రపడ్డాక ఆయన అడిగిన వాయిదా ఈగల కోసం.

అరుగు దిగి వెళుతూ దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు కాలవ గట్టు మలుపు తిరిగేదాకా వినపడింది. దాన్ని నేను దొంగ దగ్గు అనుకున్నాను. మీ దగ్గర దాచడం ఎందుకు, ఈ కథలో అన్నిటికన్నా నేను తలదించుకునేది ఈ ఒక్క మాటకే.

'అల్లుడి నోట్లో శని' అనే మాట ఎందుకు పుట్టిందో శనివారం నాటికి ఊరంతటికీ తెలిసిపోయింది. వీర్రాజు అటు పక్కూళ్ళో ఓ తోట అడిగాడట. కబురు ఆయనకన్నా ముందే చేరింది. "మిరియాల వీర్రాజా? వద్దులే" అన్నారట. ఆ సాయంత్రం ఎనిమిది పెట్టెలు కాలవ గట్టు మీద, ఎవరిదీ కాని చోట దింపుకున్నాడు. నేను మాత్రం సత్తిబాబు గారింట్లో పులస పులుసు లాగించి, గోదారంత నిద్ర పోయాను.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి సుభద్ర వచ్చింది, పెద్దమ్మ నోముకని. వీధిలో దిగి నడిచొస్తూ, తోట వాకిట్లో పెట్టెలకి తాళ్ళు కడుతున్న వీర్రాజుని చూసింది. అరుగు మీద నేనూ, సత్తిబాబు గారూ, యథాప్రకారం రైతులూ ఉన్నాం. వాళ్ళ మాటలు మాకు శుభ్రంగా వినపడుతున్నాయి.

"ఏం వీర్రాజూ, ఇంకా దగ్గుతూనే ఉన్నావేంటి? నేను పంపిన పాకం తాగడం లేదా?"

"ఏం పాకమండి అమ్మాయి గారూ?"

"అదేంటి! నీ సీసా తిరిగివ్వాలి కదా, ఖాళీ సీసా ఇవ్వకూడదని దగ్గుకి పాకం కాచి, అందులో నిండా పోసి మాస్టారి చేత పంపానుగా! ఎర్రదారం కట్టిన సీసా!"

అరుగు మీద ఎవరూ కదల్లేదు. నా చేతిలో కాఫీ గ్లాసు మాత్రం తనంతట తనే కదిలి, నా పంచె మీద పడింది. ఆ మంట తెలియలేదు. అంతకన్నా పెద్ద మంట లోపల లేచింది.

సుభద్ర అరుగెక్కింది. "తేనె ఏం చేశావు?" అన్నాను.

"జాడీలో పోశాను. దేవుడి గూటి పక్కన బ్రాందీ సీసా ఉంచమంటారా? మీ పరీక్షకి జాడీలోంచి తీసుకుని ఉంటారనుకున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పనిచ్చారా?"

సత్తిబాబు గారు గొంతు సవరించుకున్నారు. "అల్లుడు గారూ. ఆ కాగితాలు మళ్ళీ ఓసారి చదవండి. గట్టిగా. మొన్న చదివినట్టు."

చదివాను. మొన్నటి జడ్జి గొంతు ఏమైపోయిందో గానీ, ఎలక పిల్ల గొంతు వచ్చింది.

"తాటిబెల్లం."

"అరకేజీ," అంది మా ఆవిడ.

"శొంఠి."

"రెండు కొమ్ములు. మీ కాలేజీ రోట్లో కాదు, మా అమ్మ ఇచ్చిన రోట్లో దంచాను."

"మిరియం."

"గుప్పెడు."

"వాము."

"అమ్మో, చిటికెడు వేశానండీ, అదీ పట్టేశారా మీ ప్రసాద్ గారు! ఏలకులు రాయలేదా మరి?"

"రాశాడు. వెనక పేజీలో."

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను విశాఖపట్నం దాకా తవ్వి మా ఆవిడ పోపులపెట్టెని పట్టాను. శాస్త్రం ఒక్క అక్షరం తప్పలేదు. దారం తప్పలేదు, మూత తప్పలేదు, మిషన్ తప్పలేదు. ఆ మొత్తం వ్యవహారంలో లోపం ఉన్న పరికరం నేనొక్కణ్ణే.

రైతుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. వీర్రాజు మాత్రం నవ్వలేదు. నాకేసి కూడా చూడలేదు. సుభద్ర వైపు తిరిగి, "నా దగ్గుకని కాచారా అమ్మాయి గారూ? అంత శ్రమ ఎందుకు తీసుకున్నారండీ," అన్నాడు. ఆయన రెండు చెంపలూ వాయించినా నేను అంతలా కుంగేవాణ్ణి కాదు. మొన్న ఆయన ఈ అరుగు ముందు నిలబడి దగ్గుతుంటే, ఆ దగ్గుకి కాచిన మందే ఆయన మీద నేరమై నా చేత చదవబడింది.

అరుగు దిగాను. "వీర్రాజు గారూ," అన్నాను. 'గారు' అని పిలవడం అదే మొదటిసారి. వాగడానికి పుట్టిన నోరు సరిగ్గా అవసరమైనప్పుడు మొరాయించింది.

"పోన్లెండి మాస్టారూ. ముందు కాలవ గట్టు మీది పెట్టెలు తెచ్చుకోవాలండి. ఓ చెయ్యి వేస్తారా?"

వేశాను. పొద్దుగూకాక ఎనిమిది పెట్టెల్లో ఆరు ఎలాగో దాటించాను. ఈగలు బయటికి రాకుండా ఏడో పెట్టె కంతలో కుక్కిన గడ్డి నా చెయ్యి తగిలి ఊడింది. ఒక ఈగ చెవి మీద, ఒకటి ముక్కు మీద, మూడోది సరిగ్గా పై పెదవి మీద తమ అభిప్రాయం తెలియజేశాయి. పెట్టె కింద పడేస్తే ఈగలు చెదిరిపోతాయి కాబట్టి పడెయ్యకుండా, ఏడుస్తూ, తోట దాకా మోశాను. నా జీవితంలో నేను శాస్త్రానికి చేసిన ఏకైక సేవ అది.

పెదవి పనసతొన అంత అయింది. వీర్రాజు గారు ఓ సీసా మూత తీసి, "ఇప్పుడైనా ఓ చుక్క వేసుకోండి మాస్టారూ," అన్నారు. వాచిన పెదవుల సందులోంచి నాలుక చాపాను. ఊరంతా చూస్తోంది. పడిందండీ చుక్క. ముందు లేత కొబ్బరి వాసన, వెనకాల సన్నటి తీపి, ఆ తీపి వెనక గొంతులో ఓ చిన్న పట్టు. మిరియం లేకుండానే.

"ఏ పూత అంటారండి?" అడిగారు.

"కొప్పఇపూత," అన్నాను. పెదవులు అంతకన్నా కలవలేదు. కానీ ఊరు అర్థం చేసుకుంది.

ఆ తరవాత పక్కూళ్ళకి కూడా నేనే వెళ్ళాను, అదే మొహంతో, అవే కాగితాలతో. ఇంటింటికీ తిరిగి తప్పు నాదని చదివి వినిపించాను. మొహం చూసి నమ్మారు గానీ కాగితాలు చూసి కాదు. సుభద్ర మళ్ళీ పాకం కాచింది. శొంఠీ మిరియాలూ నా చేత దంచించింది. దగ్గు అయిదో రోజుకి తగ్గింది. ఇక ఎర్రదారం సీసా తిరిగివ్వాలి కదా అని ప్రసాద్‌కి ఫోన్ చేస్తే, "సీసా ఉందిరా, లోపల ఏం లేదు. మా లాబ్ అంతా జలుబులు. నాలుక పరికరం కాదన్నావుగా, పరీక్షకి అడ్డం రాదని అందరం తలో చెంచా వేసుకున్నాం," అన్నాడు.

ఈ పన్నెండేళ్ళూ ఏటా మా ఇంటికి వీర్రాజు గారి దగ్గర్నుంచి యానాం సీసాలో తేనె వస్తోంది. మెడకి ఎర్రదారం, దానికో చీటీ. గుండ్రటి అక్షరాలతో ప్రతి ఏడూ ఒకటే రాత: "మాస్టారికి. ఇది తేనె. పాకం కాదు. నాకి చూసుకోగలరు."

కాబట్టి, అఖండ గోదావరి సాక్షిగా, ఒకప్పుడు పనసతొనైన నా పై పెదవి సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా నాలుక దాటకుండా ఏ సీసానీ ఏ లాబ్‌కీ పంపను. దగ్గుతున్న మనిషిని ఎన్నడూ నిలబెట్టి ప్రశ్నించను. మా ఆవిడ "అది కాదండీ" అన్నప్పుడల్లా, కొంపలంటుకుంటున్నా సరే, నోరు మూసుకుని ఆఖరిదాకా వింటాను.

ఈ మాట రాస్తుండగానే ఆవిడ నా భుజం మీంచి తొంగి చూసి, "అది కాదండీ..." అంది.

కలం కింద పెట్టాను. చేతులు కట్టుకున్నాను. విన్నాను.

పాకంలో వేసినవి రెండు శొంఠికొమ్ములు కాదట, మూడట. ప్రసాద్ కాగితంలో కూడా మూడు కొమ్ములకి సరిపడా ఘాటే ఉందట. పాఠకులు సరిచేసుకోవలసిందిగా మనవి.